‘అట’ తర్వాత అడగాల్సిన మాట

పిల్లలూ, సైన్సు వార్త ఒకటి ఇంట్లోకి రాగానే దాని వెనకే ఒక మాట కూడా వస్తుంది. టీవీలో చంద్రుడి గురించి చెబుతుంటే నాన్నగారు “ఆఁ, చెప్పొచ్చారులే!” అంటారు. కొత్త రకం బ్యాటరీ గురించి చదివి వినిపిస్తే అక్క “ఇలాంటివి ఎన్ని వినలేదూ!” అంటుంది. ఊళ్లో ఉన్న అమ్మమ్మ ఫోన్ చేసి “ఈ రాత్రి అంగారకుడు చందమామంత కనిపిస్తాడట, నిజమేనంటావా?” అని అడుగుతుంది. మూడు మాటల్లోనూ అనుమానం ఉంది. అయితే మొదటి రెండు మాటలు విన్నాక మనం చేయాల్సిన పని ఏమీ మిగలదు. అమ్మమ్మ మాట విన్నాక మాత్రం జవాబు వెతకాలి.

ఈ పాఠంలో మనం రెండు పనులు చేద్దాం. అనుమానం చెప్పడానికి తెలుగులో ఉన్న మాటల్ని పరిశీలిద్దాం. సైన్సు వార్త విన్నప్పుడు వాటిని ఎలా వాడాలో కొన్ని నిజమైన సంగతులతో తెలుసుకుందాం.

అనుమానానికి మన మాటలు

అట: “చంద్రుడి మీద నీళ్లున్నాయి” అంటే ఆ మాటకు పూచీ మనది. “నీళ్లున్నాయట” అంటే ఎవరో చెప్పగా విన్నామని అర్థం. చివర చేరిన ఒక్క ‘ట’ ఆ సంగతి చెప్పేస్తుంది. హిందీలో దీనికోసం ‘సునా హై’ అనో ‘కహతే హై’ అనో విడిగా చెప్పాలి. తమిళనాడులో చదివి వచ్చినవాళ్లు వాక్యం చివర ‘ఆమ్’ వినే ఉంటారు. కర్ణాటక నుంచి వచ్చినవాళ్లకు ‘అంతె’, మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్లకు ‘మ్హణే’ తెలుసు. ఇవన్నీ మన ‘అట’ చేసే పనే చేస్తాయి.

కాబోలు: ఇది మన సొంత ఊహ. “నేల తడిగా ఉంది, వాన పడింది కాబోలు” అంటాం. ఈ ఊహ వెనక తడి నేల అనే ఆధారం ఉంది.

ఏమో: తెలియదని ఒప్పుకునే మాట. ఇందులో చిన్నతనమేమీ లేదు.

అంటావా: ఎదుటివాళ్లను అడిగే మాట. “నిజమేనంటావా?” అంటే జవాబు కావాలని.

లే: ఇది చాలా పనులు చేస్తుంది. “వస్తాడులే” అంటే ఓదార్పు. “చెప్పొచ్చావులే” అంటే ఇక ఆ సంగతి మాట్లాడనక్కర్లేదని. మొదటి దాంట్లో ప్రేమ, రెండో దాంట్లో వెటకారం. రెండింటిలోనూ మాట అక్కడితో ఆగిపోతుంది.

పలికే తీరు కూడా గమనించండి. “నీళ్లున్నాయట” అని మామూలుగా అంటే విన్నది చెప్పడం. “నీళ్లున్నాయటా!” అని సాగదీస్తే ఎగతాళి. వార్త ఒకటే, సాగదీసినవాళ్లు మాత్రం విచారణ లేకుండానే తీర్పు చెప్పేశారు.

‘అట’ నిజాయతీ గల మాట. చూడనిదాన్ని చూశామని చెప్పనివ్వదు. కానీ అక్కడే ఆగిపోతే వార్త నిజమో కాదో తేలదు. అందుకే ‘అట’ అన్నాక నాలుగు ప్రశ్నలు వేసుకుందాం. ఎవరు చూశారు? ఎలా చూశారు? వేరేవాళ్లు కూడా చూశారా? మాట మనదాకా పూర్తిగా వచ్చిందా?

చంద్రుడి మీద నీళ్లట!

2008 అక్టోబర్ 22న ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోట నుంచి చంద్రయాన్-1 బయలుదేరింది. 2009 సెప్టెంబర్‌లో చంద్రుడి నేల మీద నీటి జాడ దొరికిందని వార్త వచ్చింది. “నీళ్లుంటే ఒక బిందెడు పట్టుకు రమ్మనండి!” అని నవ్వేసిన వాళ్లున్నారు. మన నాలుగు ప్రశ్నలూ ఇక్కడ వేద్దాం.

ఎవరు చూశారు? చంద్రయాన్-1లో అమర్చిన నాసా పరికరం ఒకటి. ఎలా చూసింది? చంద్రుడి నేల మీద పడి తిరిగి వచ్చే సూర్యకాంతిని కొలిచింది. నీటి అణువులు కాంతిలో ఒక ప్రత్యేకమైన భాగాన్ని పీల్చుకుంటాయి. తిరిగి వచ్చిన కాంతిలో ఆ భాగం తక్కువగా ఉంటే నీటి జాడ ఉన్నట్టు. వేరేవాళ్లు చూశారా? చూశారు. 1999లో చంద్రుడి పక్కనుంచి శని వైపు వెళ్లిన కసీని నౌక కొలతల్లోనూ, 2009లో డీప్ ఇంపాక్ట్ నౌక కొలతల్లోనూ అదే జాడ కనిపించింది.

ఇక నాలుగో ప్రశ్న. మనదాకా వచ్చిన ‘నీళ్లు’ అనే మాట సరైనదేనా? మనకు నీళ్లంటే చెరువు, బావి, కుళాయి. అక్కడ దొరికింది మట్టి రేణువులకు అంటుకుని ఉన్న అణువులు. టన్ను పైమట్టిని పోగుచేస్తే మహా అయితే లీటరు దాకా రావచ్చని అప్పటి అంచనా. కాబట్టి బిందె అడిగినవాళ్ల అనుమానం సైన్సు మీద కాదు, ఆ మాటకు తాము ఊహించుకున్న అర్థం మీద.

ఇందులో మంచి అనుమానం కూడా ఒకటి ఉంది. అపోలో యాత్రికులు తెచ్చిన రాళ్లలో అప్పట్లోనే కొద్దిగా నీటి జాడ కనిపించింది. శాస్త్రవేత్తలు వెంటనే నమ్మలేదు. రాళ్లు తెచ్చిన పెట్టెల్లోకి భూమి మీది గాలి చేరింది, ఆ తేమే అయి ఉంటుందని అనుకున్నారు. చూశారా, వాళ్ల అనుమానానికి ఒక కారణం ఉంది. అందుకే కొత్త కొలతలు వచ్చినప్పుడు దాన్ని మళ్లీ సరిచూసుకోవడానికి వీలైంది.

సగం తెగిన వాక్యం

ఇప్పుడు అమ్మమ్మ ప్రశ్నకు వద్దాం. 2003 ఆగస్టు 27న అంగారకుడు భూమికి బాగా దగ్గరగా వచ్చాడు. దాదాపు 60,000 ఏళ్లలో అంత దగ్గరగా రాలేదు. అప్పుడు ఈమెయిళ్లలో తిరిగిన సందేశంలో ఒక వాక్యం ఉంది. దాని భావం ఇది: 75 రెట్లు పెద్దది చేసి చూపే టెలిస్కోపులో చూస్తే అంగారకుడు, మామూలు కంటికి చందమామ కనిపించేంత కనిపిస్తాడు. చేతులు మారేటప్పుడు మొదటి సగం రాలిపోయింది. ‘అంగారకుడు చందమామంత కనిపిస్తాడు’ అన్నది మిగిలింది. సంవత్సరం కూడా రాలిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆగస్టు రాగానే ఆ సందేశం తిరుగుతూనే ఉంది.

దీన్ని లెక్కతో తేల్చవచ్చు. చందమామ దూరం సుమారు 3,84,000 కిలోమీటర్లు. ఆ రోజు అంగారకుడి దూరం సుమారు 5 కోట్ల 58 లక్షల కిలోమీటర్లు. అంటే చందమామకన్నా 145 రెట్లు దూరం. అంగారకుడి వ్యాసం చంద్రుడి వ్యాసానికి దాదాపు రెట్టింపు. 145ను 2తో భాగించి చూడండి. 75కు దగ్గరగా వస్తుంది కదా? తెగిపోయిన సగం వాక్యం లెక్కలో మళ్లీ దొరికింది. ఈ లెక్క ఏడో తరగతి పిల్లలు కూడా చేయగలరు. అమ్మమ్మకు “అబద్ధం” అని ఒక్క ముక్కలో చెప్పడంకన్నా ఈ సంగతి వివరించి చెబితే ఆవిడ నలుగురికీ చెబుతుంది.

శాస్త్రవేత్తలే ‘అట’ అన్నప్పుడు

2011 సెప్టెంబర్‌లో యూరప్ నుంచి ఒక వార్త వచ్చింది. జెనీవా దగ్గరి సెర్న్ నుంచి పంపిన న్యూట్రినో కణాలు, 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలో ఉన్న గ్రాన్ సాసో ప్రయోగశాలకు కాంతికన్నా 60 నానోసెకన్లు ముందే చేరాయని. సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో 60 భాగాలన్న మాట. ఐన్‌స్టీన్ తప్పని శీర్షికలు వచ్చాయి. ప్రయోగం చేసినవాళ్లు మాత్రం అలా అనలేదు. మా లెక్కలో తప్పు మాకు దొరకలేదు, మీరూ చూడండి అని మిగతా శాస్త్రవేత్తలను కోరారు. 2012లో కారణం తెలిసింది. సమయం కొలిచే ఏర్పాటులో ఒక ఫైబర్ ఆప్టిక్ కేబుల్ సరిగ్గా బిగుసుకోలేదు. అదే ఏడాది మార్చిలో పక్కనే ఉన్న ఇకారస్ ప్రయోగం కూడా న్యూట్రినోలు కాంతిని మించి పోలేదని చెప్పింది.

దీన్ని చూపించి “సైంటిస్టులు ఇవాళ ఒకటి, రేపు ఒకటి చెబుతారు” అనేవాళ్లు ఉన్నారు. జరిగింది చూస్తే వాళ్లు తమ ఫలితానికి తామే ‘అట’ చేర్చుకున్నారు. తప్పు పట్టుకున్నదీ ఆ పద్ధతే.

‘లే’ అన్నవాళ్ల కథ

అనుమానించిన ప్రతివాళ్లూ తెలివైనవాళ్లు కారు. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ అనే శాస్త్రవేత్త రాకెట్ల మీద పనిచేసేవారు. 1920 జనవరి 13న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆయన్ని ఎగతాళి చేస్తూ సంపాదకీయం రాసింది. శూన్యంలో రాకెట్ నెట్టుకోవడానికి గాలి ఉండదు కాబట్టి అది పనిచేయదని వాళ్ల వాదన. రాకెట్ గాలిని నెట్టి ముందుకు పోదు. తనలోంచి వేగంగా వాయువును వెనక్కి వదులుతుంది, దాని ప్రతిచర్య వల్ల ముందుకు పోతుంది. మీ పుస్తకంలో ఉన్న న్యూటన్ మూడో నియమం అదే. 1926లో గొడార్డ్ ద్రవ ఇంధనంతో మొదటి రాకెట్‌ను ఎగరేశారు. 1969 జూలైలో అపోలో-11 చంద్రుడి వైపు బయలుదేరిన మరునాడు ఆ పత్రిక తన మాట తప్పని అచ్చువేసింది. అప్పటికి గొడార్డ్ చనిపోయి 24 ఏళ్లు.

ఒకే టీకా, రెండు అనుమానాలు

చివరగా, మనందరికీ గుర్తున్న కాలం. 2021 జనవరిలో హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్ టీకాకు అత్యవసర వాడకం కోసం అనుమతి వచ్చింది. అప్పటికి మూడో దశ పరీక్షల ఫలితాలు రాలేదు. “ఆ ఫలితాలు ఏవి?” అని చాలామంది అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అది. దానికి జవాబు ఏ రూపంలో రావాలో కూడా తెలుసు. సుమారు 25,800 మంది మీద జరిగిన ఆ పరీక్షల ఫలితాలు 2021 నవంబర్‌లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. లక్షణాలు కనిపించే కోవిడ్ నుంచి 77.8 శాతం రక్షణ ఇస్తుందని తేలింది.

అదే రోజుల్లో మరో రకం అనుమానమూ తిరిగింది. టీకాలో చిప్ పెడతారట, 5జి టవర్ల వల్లే జబ్బు వస్తోందట. ఎవరు చూశారంటే జవాబు లేదు, ఎలా చూశారన్నా లేదు. ఆ ‘అట’ను నమ్మి టీకాకు దూరంగా ఉన్న పెద్దవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. మాట చిన్నదే అయినా దాని వల్ల నష్టం ఎంతవరకు పోతుందో అప్పుడు చూశాం.

బదిలీల మీద ఊరూరా తిరిగే ఉపాధ్యాయులుగా మేము ఒక విషయం గమనించాం. భాష మారినా ఇలాంటి సందేశాలు మారవు. మీరూ రెండు మూడు రాష్ట్రాలు తిరిగినవాళ్లు. హిందీలో వచ్చినదాన్ని తెలుగులో అమ్మమ్మకు చెప్పేది చాలా ఇళ్లలో మీరే. కాబట్టి మీరు చెప్పేటప్పుడు ‘ట’ను మరచిపోకండి. ఆ తర్వాత నాలుగు ప్రశ్నలూ వేయండి. జవాబు దొరక్కపోతే “ఏమో, ఇంకా తెలియదు” అనండి. అదీ మంచి జవాబే.

అభ్యాసం

1. ‘అట’, ‘కాబోలు’, ‘ఏమో’, ‘అంటావా’, ‘లే’ వాడి ఒకే వార్త మీద ఐదు వాక్యాలు రాయండి. ఏ వాక్యం తర్వాత సంభాషణ కొనసాగుతుందో గుర్తించండి.
2. మీకు తెలిసిన మరో భారతీయ భాషలో ‘అట’ పని చేసే మాట ఏది? తరగతిలో చెప్పండి.
3. ఈ వారం విన్న ఒక సైన్సు వార్తకు నాలుగు ప్రశ్నలూ వేసి, దొరికిన జవాబులు రాయండి. దొరకనివి ఖాళీగా వదిలేయండి.
4. అంగారకుడి లెక్క చేసి చూపిస్తూ అమ్మమ్మకో తాతయ్యకో తెలుగులో ఒక ఉత్తరం రాయండి.