రెండు గ్రాఫిక్స్ కార్డుల కంప్యూటర్‌కు ఎన్ని వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. కావాలి?



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన మాలో చాలామందికి మొదటి కంప్యూటర్ సెకండ్ హ్యాండ్‌దే. స్కాలర్‌షిప్ డబ్బులు కొన్ని, ఇంట్లో పత్తి అమ్మిన డబ్బులు కొన్ని కలిపి కొంటాం. మా ఇళ్లలో డిగ్రీ చదివింది మేమే మొదటివాళ్లం కాబట్టి, కొనేముందు అడుగుదామంటే ఇంట్లో తెలిసినవాళ్లు ఉండరు. గేమ్స్ కోసం రెండు గ్రాఫిక్స్ కార్డులకు వేలకు వేలు పెట్టి, చివరికి మిగిలిన ఏడెనిమిది వందలతో ఎస్.ఎం.పి.ఎస్. తెస్తారు. అది కాలిపోతే ఒక్కటే పోదు, కార్డులనూ మదర్‌బోర్డునూ వెంట తీసుకుపోవచ్చు. అందుకే ఈ పాఠం.

అది చేసే పని: భూపాలపల్లి జిల్లా చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. అలాంటి కేంద్రాల్లో పుట్టిన కరెంటు మన ప్లగ్గుకు 230 వోల్టుల ఏ.సి.గా వస్తుంది. కంప్యూటర్‌కు కావలసింది 12, 5, 3.3 వోల్టుల డి.సి. ఈ మార్పు చేసేదే ఎస్.ఎం.పి.ఎస్. ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డులకు ముఖ్యంగా కావలసింది 12 వోల్టుల లైన్.

లెక్క: 2016లో వచ్చిన జి.టి.ఎక్స్. 1070 కార్డుకు 150 వాట్లు. రెండింటికి 300. కోర్ ఐ7-7700కె ప్రాసెసర్‌కు 91. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు, ఫ్యాన్లకు సుమారు 75. మొత్తం 466. గేమ్ నడిచేటప్పుడు కార్డులు క్షణకాలం ఇంకా ఎక్కువ లాగుతాయి. అందుకని సామర్థ్యంలో 70 శాతం దాటకుండా చూసుకుంటే మంచిది. 466ను 0.7తో భాగిస్తే 666. అంటే 750 వాట్లది తీసుకుంటే నిశ్చింత. అదే ఆర్.టి.ఎక్స్. 3090 కార్డులైతే ఒక్కొక్కటే 350 వాట్లు, అప్పుడు 1200 పైన కావాలి.

లేబుల్ చదవండి: వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. అట్టపెట్టె మీద 450 వాట్లని రాసి, లేబుల్‌లో 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లే ఉంటే ఆ లైన్ ఇచ్చేది 192 వాట్లే. 62 ఆంపియర్లుంటే 744 వాట్లు.

వైర్లు: మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు 75 వాట్లు, ఆరు పిన్నుల వైరు నుంచి 75, ఎనిమిది పిన్నుల వైరు నుంచి 150 వస్తాయి. ఒక్కో కార్డుకు విడివిడిగా వైరు ఉండాలి. హార్డ్ డిస్కు వైరుకు కన్వర్టర్ తగిలించి నడిపితే ఆ వైరు వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది.

కరెంటు బిల్లు: 750 వాట్లది పెడితే ఎప్పుడూ 750 కాలుతుందన్నది అపోహ. కంప్యూటర్ ఎంత అడిగితే అంతే, పైన కొంత వేడిగా వృథా. 466 వాట్లు ఇవ్వడానికి 80 శాతం సామర్థ్యమున్నది గోడ నుంచి 582 లాగితే, 90 శాతం ఉన్నది 518 లాగుతుంది. రోజుకు ఐదు గంటలు వాడితే నెలకు దాదాపు పది యూనిట్ల తేడా.

యు.పి.ఎస్., ఎర్తింగ్: 600 వి.ఎ. యు.పి.ఎస్. సాధారణంగా 360 వాట్లే మోస్తుంది, ఈ కంప్యూటర్‌కు చాలదు. మూడో పిన్ను తీసేసి ప్లగ్గు పెట్టవద్దు. ఇంట్లో ఎర్తింగ్ లేకుంటే ముందు అది వేయించండి.

చివరగా ఒక మాట. పాత కార్డులను జతగా నడిపే ఎస్.ఎల్.ఐ. పద్ధతికి ఎన్విడియా 2021 జనవరి 1 నుంచి కొత్త ప్రొఫైళ్లు ఇవ్వడం ఆపేసింది. కాబట్టి కొత్త గేముల్లో రెండో కార్డు చాలావరకు ఊరికే కూర్చుంటుంది. బ్లెండర్‌లో యానిమేషన్ రెండరింగ్ లాంటి పనులకు మాత్రం రెండూ పనికొస్తాయి. గేమ్స్ కోసమే అయితే ఒక్క మంచి కార్డు, దానికి తగిన ఎస్.ఎం.పి.ఎస్. కొని, మిగిలిన డబ్బులు ఇంటికి పంపండి. షాపులో పెట్టె మీది అంకె చూసి మోసపోకండి, 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చూపించమని అడగండి.