చలికాలం రోడ్లకు ఎలాంటి సైకిలు?

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్నాను. వయసు 46, బరువు 75 కిలోలు. ఆదివారాలు 60, 70 కిలోమీటర్లు తొక్కుతాను. నా పాత రేసు సైకిలుకు 25 మిల్లీమీటర్ల టైర్లున్నాయి. చలి మొదలయ్యేసరికి నడుము పట్టేస్తోంది, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి. ఈసారి 5,000 పౌండ్ల దాకా పెట్టగలను. కార్బన్ ఫ్రేము తీసుకోవాలా, టైటానియమా?

జవాబు: ఆ రెంటిలో ఏదైనా ఫరవాలేదు. దుకాణంలో ముందు అడగవలసింది వేరే ఉంది: నిండు మడ్‌గార్డులు బిగించాక ఈ ఫ్రేములో ఎంత లావు టైరు పడుతుంది? కంపెనీలు పెద్ద అక్షరాల్లో వేసేది సాధారణంగా మడ్‌గార్డులు లేనప్పటి కొలత. బిగించాక అందులో కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతాయి. మడ్‌గార్డులతో సహా 32 పట్టని సైకిలు ఎంత ఖరీదైనదైనా లీడ్స్ జనవరికి పనికిరాదు.

హాయి ఎక్కువగా టైరు గాలిలోనే ఉంది. మీ బరువుకు 25 టైరులో 80 పీఎస్ఐకి పైగా గాలి కొట్టాలి. అంత బిగుసుకున్న టైరు రోడ్డు మీది ప్రతి గరుకునూ చేతులకు, వెన్నుకు చేరవేస్తుంది. అదే 32 అయితే 55–60 చాలు. గతుకు టైరులోనే చాలావరకు అణిగిపోతుంది, తడి రోడ్డు మీద పట్టూ పెరుగుతుంది. ఇక మడ్‌గార్డు లేకపోతే వెనక చక్రం చిమ్మే నీళ్లు నేరుగా నడుముకే తగులుతాయి. తడిసిన నడుముకు ఈదురుగాలి తోడైతే పట్టేయక ఏమవుతుంది?

చూడదగ్గ సైకిళ్లు రెండు: ట్రెక్ డొమానే, స్పెషలైజ్డ్ రూబే. ఉత్తర ఫ్రాన్సులో ఏటా జరిగే పారిస్–రూబే పందెంలో రాళ్లు పరిచిన పాత బాటల మీద తొక్కాలి. అలాంటి కుదుపులను దృష్టిలో పెట్టుకునే ట్రెక్ కంపెనీ 2012లో డొమానే తెచ్చింది. సీటు గొట్టం కొద్దిగా వంగేలా దానికి ఒక కీలు పెట్టింది. మరుసటి ఏడాది రేసు సైక్లిస్టు ఫాబియన్ కాన్సెలారా ఆ సైకిలు మీదే పారిస్–రూబే గెలిచాడు. స్పెషలైజ్డ్ వారి రూబేలో హ్యాండిల్ కింద 20 మిల్లీమీటర్ల దాకా కదిలే స్ప్రింగు ఉంటుంది. మడ్‌గార్డులు లేకుండా ఇప్పటి డొమానేలో 38, రూబేలో 40 దాకా టైరు పడుతుంది. అరచేతుల బాధ ఎక్కువ గనుక మీరు రూబే వైపు మొగ్గవచ్చు. అయితే హ్యాండిల్ మరీ దూరంగా, కిందుగా ఉంటే ఏ స్ప్రింగూ కాపాడదు. డబ్బు కట్టక ముందే కొలతలు తీయించుకోండి.

ఇక టైటానియం. మంచు పడే రాత్రుళ్లు బ్రిటన్ రోడ్ల మీద రాతి ఉప్పు చల్లుతారు. 1844లో మొదలైన చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిలో తవ్వేది ఆ ఉప్పే. టైటానియం దానికి తుప్పు పట్టదు, రంగు లేని ఫ్రేముకు గీతలు పడ్డా దిగులుండదు. కార్బనూ తుప్పు పట్టదు కానీ, దానికి అల్యూమినియం భాగం ఆనుకున్న చోట ఉప్పునీరు చేరితే ఆ లోహాన్ని తొందరగా తినేస్తుంది. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి తుడిస్తే ఏ ఫ్రేమైనా నిలుస్తుంది. బ్రేకు గొట్టాలు హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే కీలు) గుండా పోతున్నాయేమో కూడా అడగండి. పోతుంటే అక్కడి బేరింగు మార్చడానికి ఆ గొట్టాలు విప్పవలసి రావచ్చు, కూలి బాగా పెరుగుతుంది.

గేర్ల దగ్గర మాత్రం పొదుపు చేయండి. షిమానో 105 చాలు. ఉప్పూ ఇసుకా కలిసి గొలుసును, పళ్ల చక్రాలను త్వరగా అరగదీస్తాయి. అదే కంపెనీ ఖరీదైన రకం డ్యూరా ఏస్ అయితే మార్చిన ప్రతిసారీ జేబుకు చిల్లే. మిగిలిన డబ్బు మంచి టైర్లకు, గ్లౌజులకు పెట్టండి.

ప్రశ్న: ఆఫీసు ద్వారా ‘సైకిల్ టు వర్క్’ పథకంలో కొంటే 1,000 పౌండ్లు దాటకూడదంటున్నారు. నిజమేనా?

జవాబు: ఆ హద్దు పాతది. 2019 నాటి మార్గదర్శకాలతో అంతకన్నా ఖరీదైనవీ తీసుకునే వీలు కలిగింది. ఎంతవరకు అన్నది మీ కంపెనీ నిర్ణయం. జీతంలోంచి పన్నుకు ముందే కోత పడుతుంది గనుక ఎక్కువ పన్ను కట్టేవారికి లాభం ఎక్కువ. కానీ ఆ సైకిలును ప్రధానంగా ఉద్యోగానికి వెళ్లి రావడానికే వాడాలి. ఆదివారం సవారీలకు మాత్రమే కొనేవారికి ఇది వర్తించదు.

ప్రశ్న: డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి. కొత్త సైకిలుకు లైట్లు సరిపోతాయా?

జవాబు: బ్రిటన్ చట్టం ప్రకారం రాత్రి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు వెలగాలి. వెనక ఎర్ర రిఫ్లెక్టరూ ఉండాలి. 1985 అక్టోబరు 1 తర్వాత తయారైన సైకిలైతే పెడళ్లకు పసుపుపచ్చ రిఫ్లెక్టర్లూ తప్పనిసరి. ఖరీదైన రోడ్డు సైకిళ్లకు వాడే క్లిప్ పెడళ్లకు చాలావాటికి ఇవి ఉండవు. రిఫ్లెక్టరు బిగించుకునే వీలున్న పెడళ్లు అడిగి తీసుకోండి.