రెండు కట్టలూ చదివినాకే రాయి

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి, తాత దీవెనలు.

మనవాళ్లంతా కలిసే రోజుకని నువ్వు వేస్తున్న పుస్తకంలో మా పెదనాయనను తెల్లదొరల సిపాయి అనీ, మా నాయనను దేశభక్తుడు అనీ రాస్తున్నావని మీ నాయన చెప్పినాడు. రాయొద్దనను. ముందు పెట్టెలోని వాళ్లిద్దరి ఉత్తరాల కట్టలు రెండూ తేదీల వరసన పక్కపక్కన పెట్టుకుని చదువు.

1939 సెప్టెంబర్ 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకుల్ని ఒక్క మాట అడక్కుండా దేశాన్ని యుద్ధంలోకి దించినాడు. ఆ కోపానికే మద్రాసులో రాజాజీ మంత్రివర్గం దిగిపోయింది. అయినా యుద్ధం ముగిసేనాటికి సైన్యంలో మనవాళ్లు దాదాపు 25 లక్షలు. అందరూ రాజుగారి మీద ప్రేమతోనే పోయినారా? వాన మొహం చూడని సీమలో నెలనెలా జీతమంటే ఏమో నీకు నేను చెప్పాల్నా! పెదనాయన పోయింది దానికే. 1942లో క్విట్ ఇండియా అంటూ మా నాయన జైలుకు పోయినాడు.

పెదనాయన ఉత్తరాల్లో తానున్న ఊరి పేరు ఉండదు, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరే. సెన్సారు చదివి, వద్దనుకున్న వాక్యం కొట్టేసేవాడు. జైలు ఉత్తరాలూ అంతే, అధికారి చూడందే గడప దాటవు. అందుకే పెదనాయన ‘మన సర్కారు గెలుస్తుంది’ అని రాసింది ఆయన మనసులో మాట అనుకోవద్దు. నాయన గాంధీ పేరెత్తకపోవడం పిరికితనం అనుకోవద్దు. పైగా మా అవ్వకు చదువు రాదు. అయ్యవారు అరుగు మీద కూర్చుని పైకి చదివితే వీధంతా వినేది. పెదనాయన జైలు అని రాయడు, ‘చిన్నోడు ఊరు పోయినాడు గదా’ అంటాడు.

మనియార్డరు ప్రస్తావన వచ్చినచోట కాస్త ఆగు. అందులో సగం చిన్నోని పెండ్లానికి ఇమ్మని ఉంటుంది. దొర జీతంతోనే ఖైదీ ఇల్లు గడిచింది. తిరిగొచ్చినాక నాయన ఆ డబ్బు మాట ఎప్పుడూ ఎత్తలేదు. సిగ్గు అని మీ అవ్వ అంటుంది. నేను ఒప్పుకోను, అన్న మీద కోపం తగ్గిపోతుందని భయం.

ఇల్లు చీలడం మనకొక్కరికే కాదు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ పడినాక, జపాను చేతికి చిక్కిన మన సిపాయిల్లో వేలమంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరినారు, వేలమంది చేరలేదు. ఆ ఫౌజులో చేరినందుకు 1945 నవంబరులో ఎర్రకోటలో బోనెక్కిన షా నవాజ్ ఖాన్ సైనికుల కుటుంబంలో పుట్టినవాడే. ఒకే పటాలంలో అన్నం పంచుకున్నోళ్లే రెండు దిక్కులైనారు.

1943 ఉత్తరం ఒకదాంట్లో పెదనాయన తమ్ముణ్ణి కటువుగా ఒక మాట అన్నాడు. అచ్చులో అది తీసెయ్యమని మీ అత్త పట్టుబడుతుంది. తియ్యొద్దు. నాయన జైలునుంచి ఇచ్చిన జవాబు కూడా దాని పక్కనే వెయ్యి. కాగితాలు మడతల దగ్గర పొడిపొడి అయిపోతున్నాయి. విప్పగానే ఫోనుతో ఫోటో తీసుకో, మళ్లీ మడవొద్దు.

మీ తాత