వాసుకిని ఎక్కడ ఆపుతారు?

బెల్తరా, బిలాస్‌పూర్ జిల్లా

చిరంజీవి అమ్మలుకి పెద్దనాన్న ఆశీస్సులు.

బియ్యం మిల్లుల యజమానులకి రెండు రోజుల వ్యూహ వర్క్‌షాప్ నడపబోతున్నావనీ, "మన వ్యాపారం ఒక ఓడ" అంటూ మొదలుపెడతావనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఓడ మీద మీ పెద్దనాన్నకి పగేమీ లేదు. కానీ ఆ గదిలో ఓడెక్కినవాళ్లు ఎంతమంది ఉంటారు? వాళ్ల బతుకంతా లారీ, హమాలీ, గోనెసంచి, గూడ్స్ రేక్. తెలియని వస్తువుతో పోలిస్తే అందరూ మర్యాదగా తల ఊపుతారు, టీ తాగుతారు, ఇంటికి వెళ్తారు.

పోలిక ఎలా ఉండాలో మన రైల్వేనే చూపించింది. 2022 ఆగస్టు 15న ఆగ్నేయ మధ్య రైల్వే అయిదు బొగ్గు రేక్‌లని, అంటే అయిదు గూడ్స్ బండ్ల వ్యాగన్లని, ఒకదాని వెనక ఒకటి తగిలించి, కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ దాకా ఒకే బండిగా నడిపింది. 295 వ్యాగన్లు, ఆరు ఇంజన్లు, దాదాపు 27,000 టన్నుల బొగ్గు, మూడున్నర కిలోమీటర్ల పొడవు. 267 కిలోమీటర్లు పదకొండు గంటల ఇరవై నిమిషాల్లో దాటింది. పేరు సూపర్ వాసుకి. దానికి ముందు 2020లో శేష్‌నాగ్, 2021లో వాసుకి నడిచాయి. పేరు పెట్టినవాళ్లకి పురాణం తెలుసు, పని కూడా తెలుసు.

ఇక్కడ ఇరుకు లైను దగ్గర ఉంది. వేరువేరుగా నడిస్తే అయిదు రేక్‌లకి లైను మీద అయిదు పాత్‌లు, అంటే బండి వెళ్లే అయిదు వేళలు కావాలి, కలిపితే ఒక్కటి చాలు. కొత్త పట్టాలు వేయకుండానే ఉన్న పట్టాల మీద ఎక్కువ సరుకు వెళ్లింది. ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో వచ్చిన "ది గోల్" నవలలో చెప్పిందీ ఇదే. కొండదారిన నడిచే స్కౌట్ పిల్లల వరసలో హెర్బీ అనే కుర్రవాడు అందరికంటే నెమ్మది. చురుకైనవాళ్లు ఎంత ఉరికినా జట్టు వేగం హెర్బీ వేగమే. చివరికి అతన్ని ముందుకి తెచ్చి, వీపు మీది బరువు తలా కొంత పంచుకుంటారు. మిల్లువాళ్లని ముందు అడగాల్సింది ఇదే: మీ హెర్బీ ఎవరు? డ్రయ్యరా, గోడౌనా, లోడింగ్ చోటా, బ్యాంకు లిమిటా?

ఇక పోలిక ఎక్కడ తెగుతుందో కూడా అడగాలి. చాలామంది వర్క్‌షాప్‌వాళ్లు వదిలేసేది ఇదే, మీ పెద్దనాన్న పట్టుపట్టేదీ ఇదే. స్టేషన్లో బండిని పక్కకి తప్పించే లూప్ లైను మామూలుగా ఒక రేక్ పట్టేంతే ఉంటుంది, సుమారు ఏడువందల మీటర్లు. మూడున్నర కిలోమీటర్ల వాసుకిని పక్కన నిలబెట్టే చోటే లేదు. మధ్యలో ఆగితే మెయిన్ లైనే ఆగుతుంది. చేరాక మళ్లీ విడదీయాలి. వ్యాగన్‌ని తిప్పి బోర్లించే టిప్లర్ ఉన్నచోట బొగ్గు దిగేది వ్యాగన్ తరవాత వ్యాగనే. అంటే ఇరుకు పోలేదు, లైను మీంచి దించేచోటికి జరిగింది. మిల్లువాళ్లు డ్రయ్యర్ పెంచితే ఇరుకు ఎక్కడికి జరుగుతుందో ఆ రోజే కాగితం మీద గీయించు.

ఇంకొకటి. సముద్రమథనంలో తాడుగా వాడిన పాము వాసుకి తలవైపు విషపు సెగ తగిలింది రాక్షసులకి. 2022 వేసవిలో బొగ్గు రేక్‌లకి దారివ్వడానికి ఛత్తీస్‌గఢ్‌లో పాసింజరు రైళ్లు రద్దయ్యాయి. సెగ తగిలింది రోజూ రైల్లో పనికెళ్లే జనానికి. ప్రతి పథకంలోనూ తలవైపు ఎవరు నిలబడ్డారో గోడ మీద రాయించు. మిల్లులో అయితే బహుశా హమాలీలు, కాకపోతే ధాన్యం డబ్బుల కోసం ఎదురుచూసే రైతు.

ఆ ఇరుకుల పటం గీసేటప్పుడు అడ్డంకులన్నిటినీ ఒకే రంగుతో రాయనివ్వకు. వానాకాలంలో ధాన్యం తడుస్తుంది, అది ఎవరూ మార్చలేరు. గోడౌన్ చాలదు, డబ్బుంటే మారుతుంది. "సాయంత్రం ఆరు తరవాత లోడింగ్ లేదు" అన్నది ఎవరో ఎప్పుడో పెట్టిన అలవాటు. ఈ మూడోరకం దగ్గరే సగంపూట గడపాలి. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని తవ్వితే కొన్నిటికి మంచి కారణమే బయటపడుతుంది, వాటిని కదపొద్దు.

వర్క్‌షాప్‌కి ఒకరోజు ముందే వచ్చెయ్. పొద్దున్నే మిల్లుకి వెళ్లి హమాలీ మేస్త్రీతో మాట్లాడదాం. మీ పెద్దమ్మ పెసరట్టు పిండి రుబ్బి ఉంచుతానంటోంది.