బాస్ నేర్చుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి వంశీకి,

డబుల్ బాస్ క్లాసులకి వెళ్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. ఎవరిని వినాలని అడిగావట. ముందు జాజ్ బాసిస్టు చార్లీ హేడెన్‌ని విను. వేళ్ల వేగానికి మురిసిపోయే వయసు నీది. ఆయన దగ్గర ఆ వేగం పెద్దగా కనబడదు. కావలసిన స్వరం ఒక్కటి నిండుగా మీటి, అది మోగేదాకా ఆగడం ఆయన్ని చూసే నేర్చుకోవాలి.

1937లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టాడు. ఇంటిల్లిపాదీ రేడియోలో జానపదాలు, భక్తిపాటలు పాడేవాళ్లు. ఆయనకీ రెండేళ్లప్పుడే మైకు అలవాటైంది. పదిహేనో ఏట పోలియో వచ్చి గొంతు దెబ్బతింది, పాట ఆగిపోయింది. అన్నయ్య వాయించే బాస్ మీదికి మనసు మళ్లింది. ఆయన బాస్ అంత పాడినట్టు ఉండడానికి కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

1957లో లాస్ ఏంజిలెస్ చేరాడు. అక్కడే ఆర్నెట్ కోల్‌మన్ పరిచయమయ్యాడు. ఆర్నెట్ శాక్సొఫోన్, డాన్ చెర్రీ కార్నెట్, బిల్లీ హిగ్గిన్స్ డ్రమ్స్, ఈయన బాస్. పియానో లేదు. మామూలుగా ముందే అనుకున్న కార్డుల (స్వరగుచ్ఛాల) వరస ఉంటుంది, బాస్ దాన్ని పట్టుకుని నడుస్తుంది. ఆర్నెట్ ఆ వరసని వదిలేసి పాట ఎటు లాగితే అటు పోయేవాడు. ఎటు పోతున్నాడో ఆ క్షణాన చెవితో పసిగట్టి, కింద నేల పరచాల్సింది హేడెనే. 1959 నవంబరులో న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్‌లో వాళ్లు వాయిస్తే ఊరంతా రెండు వర్గాలైంది.

ఆ ఏడాదే రికార్డు చేసిన 'లోన్లీ వుమన్' పెట్టుకో. డ్రమ్స్ పరుగెత్తుతుంటాయి, హేడెన్ రెండేసి తీగలు కలిపి నింపాదిగా మీటుతుంటాడు, పైన ఊదేవాళ్లు ఆ రెండు నడకలకీ లొంగకుండా సాగిపోతారు. మొదటిసారి బాస్ ఒక్కదాన్నే పట్టుకో. తర్వాత అదే బృందం వాయించిన 'రాంబ్లిన్'లో హేడెన్ సోలో విను. ఎంతో కొత్తదనుకున్న ఆ సంగీతం మధ్యలో 'ఓల్డ్ జో క్లార్క్' అనే పల్లెపాట వినిపిస్తుంది. చిన్నప్పటి పాటల్ని ఆయన ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. నువ్వూ చూడకు. ఆ సోలోకి నోటేషన్ వెతక్కు. ముందు గొంతుతో పాడు, తప్పుల్లేకుండా పాడగలిగాకే తీగ ముట్టుకో.

ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పను. హెరాయిన్‌కి బానిసై, యవ్వనంలో విలువైన కాలం పోగొట్టుకుని, చికిత్స తీసుకుని బయటపడ్డాడు. ధైర్యం మాత్రం గొప్పది. 1971లో పోర్చుగల్ నియంతృత్వంలో ఉండగా, అక్కడి వేదిక మీదే తన పాటని ఆ దేశపు ఆఫ్రికా వలసల విముక్తి పోరాటాలకి అంకితమిచ్చాడు. మర్నాడు విమానాశ్రయంలోనే అరెస్టు చేశారు. 1982లో కాలిఫోర్నియాలోని కాల్‌ఆర్ట్స్ కళాశాలలో జాజ్ విభాగం మొదలుపెట్టి చాలా ఏళ్లు పాఠాలు చెప్పాడు. 2014లో పోయాడు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఆయనకి చెవుల్లో ఎడతెగని హోరు ఉండేది, పెద్ద చప్పుడు భరించలేకపోయేవాడు. వేదిక మీద డ్రమ్స్‌కి అడ్డంగా పారదర్శకమైన పలక పెట్టించుకుని వాయించేవాడు. వినికిడే ప్రాణమైన మనిషికి అదెంత నరకమో ఆలోచించు. రిహార్సల్‌లో సింబల్స్ పక్కన నిలబడకు. మంచి ఇయర్‌ప్లగ్స్ ఈ వారమే కొనుక్కో, డబ్బు నేను పంపుతాను.

నీ మావయ్య