పోటీ పరీక్షల ప్రత్యేకం: సరిహద్దుల్లో పోలీసులకు సైన్యం అండ

1965 వరకు పాకిస్థాన్ సరిహద్దు కాపలా ప్రధానంగా ఆయా రాష్ట్రాల సాయుధ పోలీసులదే.

• 1959 అక్టోబర్ 21: లద్దాఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ వద్ద చైనా దళాల దాడిలో 10 మంది పోలీసులు అమరులయ్యారు. ఏటా ఇదే రోజున పోలీసు అమరవీరుల సంస్మరణ దినం నిర్వహిస్తారు.

• 1965 ఏప్రిల్ 9: కచ్‌లోని సర్దార్ పోస్టుపై పాకిస్థాన్ సైన్యం దాడి చేసింది. సీఆర్‌పీఎఫ్ దీటుగా ఎదుర్కొంది. సరిహద్దులకు ప్రత్యేక కేంద్ర బలగం అవసరమని తేలింది.

• 1965 డిసెంబర్ 1: బీఎస్‌ఎఫ్ ఏర్పాటు. తొలి అధిపతి కె.ఎఫ్.రుస్తుంజీ. నియంత్రణ రేఖ వద్ద ఇది సైన్యం ఆధ్వర్యంలో పనిచేస్తుంది.

• అస్సాం రైఫిల్స్: మయన్మార్ సరిహద్దు కాపలా దీనిదే. పరిపాలన కేంద్ర హోంశాఖది, కార్యాచరణ నియంత్రణ సైన్యానిది.

గుర్తుంచుకోండి: చైనా సరిహద్దులో ఐటీబీపీ, నేపాల్, భూటాన్ సరిహద్దుల్లో ఎస్‌ఎస్‌బీ.