కార్చిచ్చు – ఊళ్ళు : ఒక పరిశీలన



ఈ సంచికకు కార్చిచ్చు మీద వ్యాసం రాస్తామని చెప్పినప్పుడు మన హాస్టల్ తమ్ముళ్ళు కొందరు నవ్వారు. "అన్నా, మన శ్రీకాకుళం చుట్టుపక్కల అడవి ఎక్కడుంది?" అని అడిగారు. వారి ప్రశ్న సబబే. మన శ్రీకాకుళం అనగా ఘంటసాల మండలంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. పేరు చెప్పగానే ఉత్తరాంధ్ర జిల్లా అనుకొనే వారికి కూడా ఈ మాట చెప్పాలి. ఇక్కడ ఉన్నవి వరిచేలు, మినుము చేలు, కాలువలు, కృష్ణ కరకట్ట. ఇంకా కిందికి నాగాయలంక దాటిపోతే మడ అడవులు. మడచెట్ల కాళ్ళు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటాయి కాబట్టి వాటికి నిప్పు భయం తక్కువ.

అయినా ఈ విషయం ఎంచుకోవడానికి మాకు రెండు కారణాలున్నాయి. కరకట్ట పక్కన పారే కృష్ణ నల్లమల కొండల మధ్య నుంచి వస్తుంది. ఆ అడవి ఏటా మాఘ, ఫాల్గుణ మాసాల నుంచి కాలుతూనే ఉంటుంది. రెండవది, తాటాకు ఇళ్ళ కాలనీలో పెరిగిన వాళ్ళకు కార్చిచ్చు ఎలా పరుగెడుతుందో పుస్తకం చదవక ముందే తెలుసు. ఎం.ఎస్సీ.లో ఈ పాఠం విన్నప్పుడు సార్ బోర్డు మీద గీసిన బొమ్మలో మాకు కనబడింది మా కాలనీయే.

పాఠం సంగతి ముందు చూద్దాం. నిప్పుకు మూడు కావాలి: కాలే వస్తువు, గాలిలోని ఆక్సిజన్, వేడి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా మంట ఆగుతుంది. నీళ్ళు పోయడం అంటే వేడిని తీసేయడం. ఇసుక చల్లడం అంటే గాలిని ఆపడం. అడవిలో వందల ఎకరాలకు నీళ్ళు పోయలేము, గాలిని ఆపలేము. మిగిలింది కాలే వస్తువును తీసేయడమే. అటవీశాఖ వారు వేసవికి ముందే అడవిలో వెడల్పుగా బాటలు చేసి, గడ్డీ ఆకూ ఊడ్చి, నేల కనబడేలా ఉంచుతారు. వీటినే ఫైర్ లైన్లు అంటారు.

మంట వేగం ముఖ్యంగా ఎండుతనం, గాలి, నేల వాలు అనే మూడింటి మీద ఆధారపడుతుంది. లావు మొద్దు అంటుకోవడానికి సమయం పడుతుంది. ఎండుగడ్డి క్షణంలో అంటుకుంటుంది. వాలు సంగతి మన పల్లపు ప్రాంతం వారికి కొత్తగా ఉంటుంది. మంట కొండ దిగేటప్పుడు నెమ్మదిగా, ఎక్కేటప్పుడు వేగంగా పోతుంది. పైకి లేచిన మంట వాలు మీది గడ్డికి దగ్గరగా ఒరిగి, అది అంటుకోక ముందే దానిని ఎండబెట్టి వేడి చేస్తుంది. పది డిగ్రీల వాలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు అవుతుందని ఒక లెక్క. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్ళిన యువతీ యువకులు ఇలాంటి ఎండుగడ్డి వాలు మీదనే మంటకు చిక్కారు. 20 మందికి పైగా చనిపోయారు. కొండ మీద మంట కింద ఉండి మనం పైన ఉంటే, పైకి పరుగెత్తి దానిని గెలవడం మనిషి వల్ల కాదు.

గాలి చేసే పని ఇంకా పెద్దది. అది మంటను ముందుకు తోయడమే కాదు, నిప్పు రవ్వలను ఎత్తుకెళ్ళి దూరాన పడేస్తుంది. అప్పుడు మంట వరుసగా నడిచి రాదు, దూకుతుంది. ఫైర్ లైన్ కూడా దానిని ఆపలేదు.

ఇది తాటాకు ఇళ్ళ వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. మన డెల్టాలో నిప్పు కాలం ఏప్రిల్, మే నెలలు. మధ్యాహ్నం పడమటి గాలి వీస్తుంది. తాటాకు అప్పడంలా ఎండి ఉంటుంది. సరిగ్గా ఆ నెలల్లోనే కాలువలు కట్టేస్తారు. నిండా నీళ్ళ మధ్య బతికే ఊళ్ళో నిప్పు అంటుకున్న రోజున నీళ్ళు ఉండవు! చెరువు దూరం. ఫైరింజను టౌన్ నుంచి రావాలి. అప్పుడు మా కాలనీ పెద్దలు చేసే పని ఒక్కటే. కాలుతున్న ఇంటిని వదిలేస్తారు. గాలి వాటున రెండిళ్ళు అవతల ఉన్న ఇల్లు ఎక్కి, వాసాల మీది తాటాకు అంతా కొక్కేల కర్రలతో పీకి కింద పడేసి, దూరంగా ఈడ్చేస్తారు. మేము చదివిన పాఠంలో ఫైర్ లైన్ అన్నది ఇదే. ఏ పుస్తకమూ చదవని మా తాతల తరం దీనిని కనిపెట్టుకొంది.

అయితే ఎవరి ఇల్లు పీకాలి అన్నది మాత్రం పాఠంలో ఉండదు. పీకిన ఇల్లు కాలలేదు, కాబట్టి మిగతా వీధి నిలిచింది. కానీ ఆ ఇంటివారికి ఆ రాత్రి కప్పు లేదు. ఒకసారి నష్టపరిహారం జాబితా రాయడానికి వచ్చిన వారు "ఇది కాలిన ఇల్లు కాదు కదా" అని పేరు రాసుకోలేదు. ఆ కుటుంబం కొత్త తాటాకు కొనడానికి అప్పు చేసింది. నష్టం లెక్క అంటే కాలిన వాటి లెక్క మాత్రమే కాదని మాకు అప్పుడు తెలిసింది. ఈ మాట గుర్తు పెట్టుకొని నల్లమలకు వెళదాం.

నల్లమలలో చెంచులు ఉన్నారు. వారి గూడేలను పెంటలు అంటారు. అక్కడి మంటలు చాలావరకు నేల మీద గడ్డినీ రాలిన ఆకునూ కాల్చుకుంటూ పోయేవే, చెట్ల కొమ్మల మీదుగా పరుగెత్తేవి తక్కువ. పేపర్లో "ఇన్ని హెక్టార్లు దగ్ధం" అని వస్తుంది, పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కనుక వానలు పడగానే అడవి పచ్చబడుతుంది, సంగతి మరిచిపోతాము. చెంచు కుటుంబం లెక్క వేరు. వారు బతికేది తేనె, తపసి బంక, కుంకుడు కాయలు, ఇప్పపువ్వు, దుంపలు, చింతపండు మీద. మంట పోయిన చోట పూత మాడుతుంది, తేనెటీగ లేచిపోతుంది. గుడిసె కప్పుకునే బోదగడ్డి బూడిదవుతుంది. మొలకలు చచ్చిపోతాయి, అనగా పదేళ్ళ తరువాత బంక ఇవ్వవలసిన చెట్టు ఈ రోజే పోతుంది. ఇవేవీ హెక్టార్లలో రావు. ఇవి మా కాలనీలో పీకిన ఇంటి వంటివి.

మరి నిప్పు పెట్టేది ఎవరు? మన దేశంలో అడవి మంటలు పిడుగు వల్ల పుట్టేది బహు తక్కువ. దాదాపు అన్నీ మనుషుల చేతి నుంచే. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, కొత్త చిగురు మేత కోసం కాపర్లు పెట్టే నిప్పు, తునికాకు బాగా రావాలని, ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలని పెట్టే నిప్పు, తేనె పట్టుకు పెట్టే పొగ. శ్రీశైలానికి అడవి దారిన నాగలూటి, పెచ్చెరువు మీదుగా నడిచిపోయే భక్తులు దారిలో వండుకుంటారు. శివరాత్రికి మన వాళ్ళు, ఉగాదికి కన్నడిగులు. ఈ రెండు పండుగలూ సరిగ్గా అడవి ఎండే కాలంలోనే వస్తాయి. అయినా మంట లేచినప్పుడల్లా మొదటి అనుమానం చెంచుల మీదకే పోతుందని మా అభిప్రాయం. వారిలో కొందరు తేనె కోసం నిప్పు వాడేది నిజమే. కానీ ఆ మంటను ఆర్పడానికి పచ్చి కొమ్మలు పట్టుకొని ముందుకు పోయేదీ, అటవీశాఖ బేస్ క్యాంపుల్లో కాపలా ఉండేదీ వారే.

కాలిన కొండ మీద మొదటి వానకు మన్ను కొట్టుకుపోతుంది. శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీ.ఎం.సీ.లు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు సుమారు 215 టీ.ఎం.సీ.లు పడుతుంది. ఆ పూడిక అంతా మంటల వల్లనే అని చెప్పడం తప్పు. ఎగువన ఎంతో విస్తారమైన భూములున్నాయి, ఎక్కువ మన్ను అక్కడిది. కానీ చుట్టూ ఉన్న కొండలు బోడి అయితే పూడిక తగ్గదు. మన కాలువకు నీరు ఎప్పుడు వదులుతారా అని చూసే రైతుకు ఆ అడవితో సంబంధం ఉంది.

2014 మార్చిలో శేషాచలం కొండల్లో మంటలు చెలరేగినప్పుడు రాష్ట్రమంతా చూసింది, ఎందుకనగా అది తిరుమలకు దగ్గర. పాపవినాశనం దారి మూసివేశారు. వాయుసేన హెలికాప్టర్లు వచ్చి, కింద వేలాడే పెద్ద తొట్టెలతో జలాశయం నీళ్ళు ముంచి మంటల మీద గుమ్మరించాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ కొండల చుట్టుపక్కల తప్ప మరెక్కడా లేదు. 2010లో ఆ ప్రాంతాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. హెలికాప్టర్లు రావడం మంచిదే, మేము కాదనము. కాకపోతే ఏటా కాలే పెంటల దగ్గరకు హెలికాప్టరు వచ్చిందని మేము ఎన్నడూ వినలేదు.

ఇప్పుడు ఉపగ్రహాల సాయం ఉంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాలు చూసిన మంటల చోట్లను రాష్ట్రాలకు తెలియజేస్తోంది. మన దేశపు అడవిలో 36 శాతానికి పైగా తరచూ మంటలకు గురయ్యేదేనని ఆ సంస్థ 2019 నివేదిక చెప్పింది. ఇది మంచి పనిముట్టు. కానీ ఇలాంటి ఒక ఉపగ్రహం ఒక చోటి మీదుగా సాధారణంగా రోజుకు రెండుసార్లు పోతుంది. ఈ రెండుసార్ల మధ్య ఏం జరగవచ్చునో అమెరికాలో ప్యారడైజ్ అనే ఊరిని చూస్తే తెలుస్తుంది.

కాలిఫోర్నియా రాష్ట్రంలో కొండ మీద 26,000 మంది జనాభా ఉన్న ఊరు అది. 2018 నవంబర్ 8 ఉదయం సుమారు ఆరున్నరకు, ఊరికి దూరంగా పాతబడిన కరెంటు టవర్ మీద కొక్కెం ఒకటి విరిగి తీగ జారింది. కింద గడ్డి అంటుకుంది. ఈదురుగాలి. ఎనిమిది గంటలకే ఊళ్ళో రవ్వలు పడ్డాయి. మధ్యాహ్నానికి ఊరు చాలా భాగం లేదు. 85 మంది చనిపోయారు. 18,000కు పైగా కట్టడాలు కాలిపోయాయి. చనిపోయిన వారిలో ఎక్కువ మంది ముసలివారు. ఆ ఊరికి ముందే ప్రణాళిక లేకపోలేదు. ఏ పేటను ముందు ఖాళీ చేయించాలి, తరువాత ఏ పేట అని రాసి పెట్టుకున్నారు. మంట వరుస ప్రకారం రాలేదు. అందరూ ఒక్కసారే కార్లలో దారి పట్టారు, ఉన్న కొద్ది రోడ్లు నిండిపోయాయి. ఆ కరెంటు కంపెనీ పీజీ అండ్ ఈ 2020లో కోర్టులో 84 మరణాలకు నేరం ఒప్పుకుంది. డబ్బున్న దేశం, ఫైరింజన్లున్న దేశం. అయినా నాలుగైదు గంటలు చాలింది.

2023 ఆగస్టు 8న హవాయి దీవుల్లోని లహైనా పట్టణం ఇలాగే కాలి సుమారు 100 మంది చనిపోయారు. అది సముద్రపు ఒడ్డు. మంట తరుముకు వస్తే కొందరు సముద్రంలోకి దూకి గంటల తరబడి నీళ్ళలో ఉండి బతికారు. దీవిలో సునామీ కోసం పెట్టిన సైరన్లు ఉన్నాయి, ఆ రోజు మోగలేదు. మోగిస్తే జనం సముద్రం వస్తోందనుకొని కొండవైపు, మంటవైపు పరుగెడతారని అనుకున్నామని అధికారులు తరువాత చెప్పారు.

దివిసీమ వారికి ఈ సంగతి అర్థం చేసుకోవడం కష్టం కాదు. 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి తాతలూ అమ్మమ్మలూ చెప్పగా విన్నాము. నీరు, నిప్పు అన్న తేడా తప్ప, ఒక్క పూటలో ఊళ్ళకు ఊళ్ళు పోవడం, కబురు సకాలంలో అందకపోవడం రెండు చోట్లా ఒకటే. సుమారు పదివేల మంది పోయారు. ఆ తరువాత తుఫాను షెల్టర్లు కట్టారు, ముందుగా జనాన్ని తరలించే పద్ధతి వచ్చింది. 1990 మే నెలలో దాదాపు అంత బలమైన తుఫాను మళ్ళీ మన తీరాన్నే తాకితే చనిపోయిన వారు వెయ్యి లోపే. సముద్రం మారలేదు, కబురు మారింది. మంటకు అలాంటి కబురు ఏర్పాటు మన పెంటల్లో, కాలనీల్లో ఇంకా లేదు.

ఒక చివరి సంగతి, ఇది హాస్టల్ పిల్లల కోసమే. తాటాకు ఇల్లు కాలినప్పుడు బియ్యం, బట్టలు చందాలతో వారంలో వస్తాయి. కాగితాలు రావు. రేషన్ కార్డు, కుల ధ్రువపత్రం, పదో తరగతి మార్కుల మెమో. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మా అమ్మ మా సర్టిఫికెట్లను ప్లాస్టిక్ సంచిలో చుట్టి దూలానికి వేలాడదీసేది, ఎలుకలూ వాననీళ్ళూ తగలకుండా. నిప్పు మొదట పట్టుకునేది ఆ దూలాన్నే. ఇప్పుడు మావి రేకు పెట్టెలో, గుమ్మం పక్కన ఉన్నాయి. పదో తరగతి మెమో పోతే చదివిన బడి ప్రధానోపాధ్యాయుల ద్వారా డూప్లికేట్‌కు దరఖాస్తు చేయాలి, అందుకు హాల్‌టికెట్ నంబరు, పాసైన సంవత్సరం కావాలి. ఆ నంబరు వేరే ఇంట్లో ఉన్న బంధువు నోటు పుస్తకంలో కూడా రాసి ఉంచండి. ఫోను ఉన్నవారు డిజిలాకర్‌లో పెట్టుకోండి. ఈ వేసవి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఫైరింజను నంబరు 101 ఇంటి గోడ మీద బొగ్గుతో రాయండి, మీ వీధికి దగ్గరలో ఏప్రిల్‌లో కూడా నీళ్ళుండే చెరువో బోరింగో ఏదో అడిగి తెలుసుకోండి.